గింజలో దాగిన తెగులు – గోరుచిక్కుడు బాక్టీరియా వ్యాధి చరిత్ర

కృష్ణా, తుంగభద్రా నదుల నడుమనున్న గద్వాల, ఆలంపురము ప్రాంతమును అచ్చటి ప్రజలు నడిగడ్డ అని పిలుతురు. రెండు ప్రక్కల రెండు మహానదులు పారుచున్నను ఆ నేలపై కురియు వాన మాత్రము స్వల్పము. తెలంగాణమున అతి తక్కువ వర్షము పొందు ప్రాంతములలో అది యొకటి. కృష్ణకు ఉత్తరమున వనపర్తి, దానికి ఈశాన్యమున నాగర్‌కర్నూలు. గద్వాల, వనపర్తులు పూర్వము నిజాము రాజ్యమునకు లోబడిన సంస్థానములు. ఈ మూడు ఊళ్ళును చిరకాలము మహబూబ్‌నగరు జిల్లాలో చేరియుండి, 2016 అక్టోబరు 11వ తేదీన మూడు కొత్త జిల్లాలకు కేంద్రములైనవి. పేరులేవైనను జనులకిది అంతయు పాలమూరే. ఎఱ్ఱని చల్క నేలలు, అక్కడక్కడ నల్లరేగడి, ఆకాశము వంక చూచు సేద్యము: ఇవి పాలమూరు లక్షణములు.

ఇట్టి మెట్టసీమలో పైరు పోయినను రైతును నిలబెట్టునది పశువు. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు పీఠభూమిపై, నల్లమల అంచున, పొడతూర్పు అను పశుజాతి కలదు. ఒంటిపై పొడలు గల ఈ ఎద్దులు కష్టమునకు ఓర్చునవి. కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ 2020లో దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసెను. గొర్రెల మందలకును పాలమూరు పేరుపొందినది. ఇన్ని నోళ్ళకు మేత యెక్కడిది? జొన్నచొప్ప ఆకలి తీర్చును గాని కండను పెంచు మాంసకృత్తులు దానియందు తక్కువ. ఆ లోటును తీర్చునవి కాయజాతి మొక్కలు. ఉలవ, అనుము, బొబ్బర, కంది మొదలగు పైరుల పొట్టు, యాసంగి వేరుసెనగ కట్టె, పచ్చిమేతగా కోసిన గోరుచిక్కుడు పశువునకు బలమిచ్చును. ఈ మొక్కల వేళ్ళపై బుడిపెలు ఏర్పడి, వానియందు నివసించు మేలుచేయు బాక్టీరియములు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. అందుచే నేలకును సారము చేకూరును.

అయితే బాక్టీరియములన్నియు మేలు చేయునవి కావు. వేళ్ళయందు చేరి అన్నము పెట్టు సూక్ష్మజీవులు ఉన్నట్లే, ఆకులయందు చేరి కూడు చెరచునవియు కలవు. ఉష్ణదేశములందలి పశుగ్రాసపు కాయజాతులకు కలుగు బాక్టీరియా తెగుళ్ళ చరిత్రలో పెక్కు అధ్యాయములు మన దేశముననే వ్రాయబడినవి. వానిలో గోరుచిక్కుడు తెగులు కథ అన్నిటికంటె బోధకరమైనది.

పైరుపై కనిపించు గుర్తులు

గోరుచిక్కుడును తెలంగాణమున గోకరకాయ యనియు, రాయలసీమలో మటిక్కాయ యనియు అందురు. లేతకాయ మనుష్యులకు కూర. చెట్టు పశువులకు మేత. ముదురు గింజ పరిశ్రమలకు జిగురు. లోతుగా దిగు తల్లివేరు ఉండుటచే ఇతర పైరులు వాడిపోవు బెట్టలోను ఇది నిలచును. కనుకనే మెట్టరైతునకు ఇది చుట్టము వంటిది.

ఇట్టి మొండిపైరు వానలు బాగుగ కురిసిన యేటనే జబ్బుపడుట వింతగా తోచును. జూన్, జూలై మాసములలో వేసిన పైరుపై మబ్బు, ముసురు పట్టినప్పుడు ఆకుల అడుగుభాగమున చిన్న చిన్న చుక్కలు కనిపించును. అవి నూనెలో తడిసిన కాగితము వలె నుండును. ఆకును వెలుగునకు ఎత్తి చూచినచో అచ్చట కాంతి ప్రసరించును. ఈనెలు అడ్డుకట్టలు వేయుటచే మచ్చ గుండ్రముగ పెరుగక కోణములు కలదిగా పెరుగును. తరువాత మచ్చలు కలసి ఆకు కొసనుండి గోధుమవర్ణముగ మారి మాడిపోవును, ఆకులు రాలును. తెగులు కాడకు దిగినచో నల్లని చారలు ఏర్పడి కాడ పగులును. మొక్క విరిగి పడిపోవును.

ఈ బాక్టీరియము పశువుల శరీరములో వ్యాధి కలిగించునది కాదు. నష్టము వేరు విధమైనది. మేతలోని మాంసకృత్తులలో అధికభాగము ఆకులయందే యుండును. ఆకు రాలినచో పశువు ముందు పడునది పీచు మాత్రమే. కాయకు పోషణ తగ్గి గింజయు నాసియగును. ఒకే తెగులుచే రైతు కూరను, మేతను, మరుసటి యేటి విత్తనమును కోల్పోవును.

మొక్కకు బాక్టీరియా వ్యాధి కలుగునా?

ఈ మచ్చలకు కారణము బాక్టీరియమని నేడు చెప్పుట సులభము. కాని అంతకు ముందు మరియొక పెద్ద ప్రశ్న తేలవలసియుండెను: అసలు బాక్టీరియములు మొక్కలకు వ్యాధి కలిగింపగలవా? 1876లో రాబర్టు కాక్ పశువుల దొమ్మరోగమునకు బాక్టీరియమే కారణమని నిరూపించెను. 1882లో క్షయ సూక్ష్మజీవిని కనుగొనెను. మనుష్యులలో, పశువులలో బాక్టీరియా వ్యాధులను లోకము ఒప్పుకొన్నది. మొక్కల విషయమున మాత్రము సందేహము తొలగలేదు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున థామస్ బరిల్ 1880 ప్రాంతమున బేరిచెట్ల మాడుతెగులునకు బాక్టీరియము కారణమని చెప్పినను ఐరోపా పండితులు పెక్కురు నమ్మలేదు. మొక్కల రసము పులుపు గుణము కలది, కణములకు గట్టి గోడలు కలవు, కనుక బాక్టీరియము అందు ప్రవేశింపజాలదని వారి వాదము.

జర్మనీలోని లైప్‌జిగ్ పండితుడు ఆల్ఫ్రెడ్ ఫిషర్ 1897లో ప్రకటించిన తన గ్రంథమున ఈ వాదమును గట్టిగా సమర్థించెను. చచ్చిన మొక్కలో కనిపించు బాక్టీరియములు శవముపై వాలు ఈగల వంటివే గాని చంపినవి కావని దాని తాత్పర్యము. అదే 1897లో అమెరికా వ్యవసాయశాఖలోని ఎర్విన్ స్మిత్ చిక్కుడుజాతి ఆకులను మాడ్చు ఒక పసుపుపచ్చని బాక్టీరియమును వర్ణించెను. కాయజాతి పైరుల బాక్టీరియా తెగుళ్ళ శాస్త్రమునకు అది తొలిమెట్టు. తరువాత ఫిషరునకును స్మిత్తునకును పత్రికలలో తీవ్రవాదము నడచెను. స్మిత్ మాటలతో సరిపెట్టుకొనక, వ్యాధిగల మొక్కనుండి తీసిన బాక్టీరియమును వేరుగ పెంచి, ఆరోగ్యముగల మొక్కలపై ప్రయోగించి, అదే వ్యాధి పుట్టుటను చూపి, మరల అదే జీవిని వానినుండి వేరుచేసెను. 1901 నాటికి ఆ వాదము స్మిత్తునకు అనుకూలముగా ముగిసెను. 1905 నుండి 1914 వరకు ఆయన మూడు బృహత్సంపుటములలో మొక్కల బాక్టీరియా వ్యాధుల జ్ఞానమును క్రోడీకరించెను.

ఫిషర్ అడిగిన ప్రశ్న మాత్రము వ్యర్థము కాదు. గోడలుగల కణములలోనికి బాక్టీరియము ఎట్లు చొచ్చును? దీనికి సమాధానము ఏమన, అది కణములలోనికి చొచ్చుకొని పోనక్కరలేదు. ఆకుకు ఊపిరి తీసుకొను పత్రరంధ్రములు కలవు. వానచినుకుతోపాటు బాక్టీరియము ఆ రంధ్రముగుండ దూరి, కణములకు నడుమనున్న ఖాళీలలో కాపురముండి, అచ్చటినుండియే కణములను పాడుచేయును. తలుపు పగులగొట్టకయే వసారాలో చేరి ఇల్లు దోచు దొంగ వంటిదది. ఆకుపై నూనెచుక్క వలె కనిపించునది ఈ ఖాళీలు నీటితోను బాక్టీరియములతోను నిండుటయే.

పూనాలో వికసించిన విద్య

భారతదేశమున మొక్కల వ్యాధిశాస్త్రము మొదట శిలీంధ్రముల శాస్త్రముగానే పెరిగెను. ఇంపీరియల్ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడుగా నుండిన బట్లర్ 1918లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథము పేరుననే శిలీంధ్రములకు అగ్రస్థానము కలదు. బాక్టీరియములపై కృషి లేకపోలేదు. మైసూరు సంస్థానమున కోల్మన్ 1909లో బంగాళదుంప ఉంగర తెగులును గురించి వ్రాసెను. కాని అది చెదురుమదురు కృషియే. మొక్కల బాక్టీరియా శాస్త్రమునకు మన దేశమున ఒక పీఠము ఏర్పడినది పూనాలో. బొంబాయి ప్రభుత్వ వ్యవసాయశాఖలో మొక్కల వ్యాధి శాస్త్రజ్ఞుడైన ఎం. కె. పటేల్, ఆయన సహచరులు కులకర్ణి, ధాండే, భట్, మోనిజ్ మొదలగువారు 1940ల చివరనుండి పొలములు, బంజరులు, తోటలు గాలించి ఆకుమచ్చల బాక్టీరియములను ఒక్కొక్కటిగా వర్ణింపసాగిరి.

వారు వర్ణించిన వానిలో కాయజాతి మొక్కలకు చెందినవి అనేకము. 1948లో శాలపర్ణి మొక్కపై బాక్టీరియమును ఉప్పల్, పటేల్, మోనిజ్ ప్రకటించిరి. 1950లో కందిపై ఆకుమచ్చను, కాడపుండును కలిగించు బాక్టీరియమును కులకర్ణి, పటేల్, అభ్యంకర్ వర్ణించిరి. 1952లో సెస్బేనియా జాతిపై ఒకటి. మన జీలుగ, అవిసె ఈ జాతికి చెందినవే. 1953లో పటేల్, ధాండే, కులకర్ణి గోరుచిక్కుడు బాక్టీరియమునకు జాంథోమోనాస్ సయమాప్సిడిస్ అని పేరిడిరి. 1954లో బీళ్ళలో పశువులు మేయు అలిసికార్పస్ అను చిన్న కాయజాతి మొక్కపై మరియొకటి వెలుగులోనికి వచ్చెను. పైరులపైననే కాక, ఎవరును విత్తని పచ్చికబీటి మొక్కలపైనను ఈ వ్యాధులు కలవని ఆ కృషి తెలిపినది.

ఆనాటి పద్ధతి సరళమైనది, ఓర్పు కోరునది. మచ్చ అంచునుండి చిన్న ముక్క కోసి గాజుపలకపై నీటిబొట్టులో ఉంచి సూక్ష్మదర్శినిలో చూడవలెను. కోసిన అంచునుండి పొగవలె ఒక తెర వెలువడినచో అది బాక్టీరియముల గుంపు. శిలీంధ్రమైనచో దారములు కనిపించునే గాని ఈ పొగ వెలువడదు. పిమ్మట ఆ జీవిని అగర్‌పై పెంచినచో పసుపుపచ్చని, జిగటయైన బొట్లు లేచును. జాంథోమోనాస్ అను పేరునకు కారణమిదియే. గ్రీకుభాషలో జాంథోస్ అనగా పసుపు. 1939లో డౌసన్ అను శాస్త్రజ్ఞుడు ఈ ప్రజాతిని ఏర్పరచెను. చివరకు ఆ జీవిని ఆరోగ్యముగల మొక్కపై చల్లి, వ్యాధి పుట్టుటను చూడవలెను. ఇది ఏ కళాశాల ప్రయోగశాలలోనైనను చేయదగిన పనియే.

పేర్ల చిక్కు

ఈ పరిశోధనలలో ఒక విశేషము తేలెను. గోరుచిక్కుడు బాక్టీరియము, కంది బాక్టీరియము, చిక్కుడు బాక్టీరియము గాజుగొట్టములో ఒకేరీతిగ నుండును. రంగు ఒకటి, ఆకారము ఒకటి, చక్కెరలను వాడుకొను తీరును దాదాపు ఒకటే. అయినను దేని మొక్క దానిదే. అందుచే ఏ మొక్కపై దొరికిన దానికి ఆ మొక్క పేరే పెట్టుట వాడుకయై, పేర్లు నూటికి మించెను.

1962లో న్యూజీలండు శాస్త్రజ్ఞుడు డై, ప్రయోగశాల పరీక్షలచే ఈ జాతులను వేరుపరచుట సాధ్యము కాదని చూపెను. 1974లో బాక్టీరియా శాస్త్రమునకు ప్రమాణగ్రంథమైన బెర్జీ సంపుటమున ఇవి పెక్కును ఒకే జాతిలో కలిపివేయబడినవి. 1980లో రాజీమార్గముగ, జాతి పేరు ఒకటే యుండి, ఏ మొక్కకు వ్యాధి కలిగించునో దానినిబట్టి ఉపనామము చేర్చు పద్ధతి అమలులోనికి వచ్చెను. 1995లో బెల్జియములోని గెంట్ శాస్త్రజ్ఞులు డీఎన్ఏ పోలికలనుబట్టి వానిని మరల పెక్కు జాతులుగ విభజించి, గోరుచిక్కుడు బాక్టీరియమును ఆక్సొనోపోడిస్ అను జాతిలో చేర్చిరి.

పేర్లు మారినను పూనా శాస్త్రజ్ఞులు కంటితో చూచిన సత్యము మారలేదు. వ్యాధికి మొక్కతో గల పొత్తు నిజమైనది. ఈ బాక్టీరియములు సూదివంటి సాధనముతో కొన్ని మాంసకృత్తులను మొక్కకణములోనికి పంపి, దాని ఆత్మరక్షణను నిద్రపుచ్చునని తరువాతి పరిశోధనలు తెలిపినవి. ఏ మొక్క కావలివారు ఆ మాంసకృత్తులను గుర్తుపట్టుదురో ఆ మొక్క తప్పించుకొనును, గుర్తుపట్టనిది లొంగిపోవును. రైతునకు ఇందు ఒక లాభము కలదు. గోరుచిక్కుడు తెగులు జొన్నకు సోకదు. కనుక తెగులు పడిన చేనిలో మరుసటి యేడు జొన్న వేసినచో ఆకుచెత్తలో మిగిలిన బాక్టీరియములకు ఆశ్రయము దొరకదు.

గింజతో చేసిన ప్రయాణము

జొన్న వేసి ఒక యేడు ఎడమిచ్చిన చేనిలోను, ఎన్నడును గోరుచిక్కుడు ఎరుగని కొత్త చేనిలోను, తొలి ముసురునకే ఈ తెగులు కనబడుట కద్దు. అది ఎచ్చటినుండి వచ్చినది? విత్తనమునుండియే. తెగులు పడిన కాయలోని గింజపై, గింజపొట్టు అడుగున బాక్టీరియము ఎండి నిద్రించుచు నెలల తరబడి బ్రతికియుండును. మొలక వచ్చునప్పుడు తానును మేల్కొని మొదట బీజదళములపై మచ్చగా కనిపించును. అటుపిమ్మట చినుకు చిందినపుడెల్ల ఆకునుండి ఆకునకు, గాలివానతో సాలునుండి సాలునకు ప్రాకును. ఎకరమునకు కొలది మొలకలు జబ్బువైనను చాలును; మిగిలిన పని వాన చేయును. చిక్కు ఏమనగా, అట్టి గింజ చూచుటకు నున్నగా, నిండుగా ఉండవచ్చును. బూడిద కలిపి కుండలో భద్రముగ దాచిన విత్తనముతోపాటు రైతు తెగులును కూడ దాచుచున్నాడని ఆతనికి తెలియదు.

గోరుచిక్కుడు చరిత్రయే గింజల ప్రయాణ చరిత్ర. దీని అడవిబంధువులు మన దేశమున లేవు; ఆఫ్రికాలో కలవు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియొడోర్ హైమోవిట్జ్ ఒక ఊహను ప్రతిపాదించెను. మధ్యయుగములలో అరబ్బు వర్తకులు ఓడలలో గుఱ్ఱములను భారతదేశమునకు తెచ్చునప్పుడు వాని మేతగా ఆఫ్రికా మొక్కయు వచ్చినదనియు, ఇచ్చటి రైతుల చేతులలో అది సేద్యపుమొక్కగా మారినదనియు ఆయన భావము. ఈ ఊహ నిజమైనచో గోరుచిక్కుడు మన నేలపై అడుగుపెట్టినది పశుగ్రాసముగానే.

1903లో గోరుచిక్కుడు విత్తనము భారతదేశమునుండి అమెరికాకు చేరెను. చాలకాలము అది అచ్చట పచ్చిరొట్టగా, మేతగా మాత్రమే యుండెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున మధ్యధరా ప్రాంతమునుండి వచ్చు కేరబ్ గింజల జిగురు దుర్లభమగుటచే, దానికి బదులుగ గోరుచిక్కుడు గింజ జిగురు వాడుకలోనికి వచ్చెను. టెక్సాస్, ఓక్లహోమా ప్రాంతములలో సాగు పెరిగెను. పూనాలో పేరు పొందిన తెగులు 1960లలో అచ్చటను నమోదయ్యెను. అమెరికావారు విరుగుడు వెదకినదియు గింజలోనే. భారత ఉపఖండమునుండి తెప్పించిన పలురకములలో తెగులునకు లొంగనివానిని ఎన్నిక చేసి, 1964లో బ్రూక్స్ అను తట్టుకొను రకమును విడుదల చేసిరి. లూసర్న్ అను పశుగ్రాసపు బాక్టీరియా వడలు తెగులు 1925లో అమెరికాలో వర్ణింపబడినప్పుడు కూడ తట్టుకొను గుణము తుర్కిస్తాను రకములలోనే దొరికినది. పైరు తరతరములుగ పెరిగిన సీమలోని రకములందే రక్షణయు దాగియుండునని ఈ రెండు కథలును చెప్పుచున్నవి. పాత నాటురకములను పోగొట్టుకొనరాదను మాటకు ఇంతకంటె గట్టి కారణము అక్కరలేదు.

ఇచ్చట ఒక చమత్కారము కలదు. 1950లలో అమెరికా వ్యవసాయశాఖ పియోరియా ప్రయోగశాలలో, కోసుకూర నల్లకుళ్ళునకు కారణమగు జాంథోమోనాస్ బాక్టీరియము వెలువరించు జిగటనుండి జాంథాన్ గమ్ అను పదార్థమును సాధించిరి. ఏ జిగటను కప్పుకొని బాక్టీరియము ఎండనుండి తనను కాపాడుకొనునో అదియే నేడు ఐస్‌క్రీములోను, ఔషధములలోను కలియుచున్నది. జాంథానును గోరుచిక్కుడు జిగురును కలిపినచో చిక్కదనము ఇనుమడించునని ఆహారపరిశ్రమ వారికి తెలియును. పొలములో శత్రువులైనవి డబ్బాలో మిత్రులైనవి.

2012లో గోరుచిక్కుడు గింజకు మరియొక పరుగు వచ్చెను. అమెరికాలో రాతిపొరలను పగులగొట్టి సహజవాయువును తీయు పనికి చిక్కని ద్రవము కావలసి, ఈ జిగురు ధర ఆకాశమునంటెను. ధరలు మితిమీరుటచే ఆ యేడు మార్చిలో ముందస్తు వ్యాపారము నిలిపివేయబడెను. ఆ కాలమున రాజస్థాను, హర్యానాలలో ప్రధానముగ నున్న గింజసాగును దక్షిణాది మెట్టలకును తెచ్చు యత్నములు జరిగినవి. కూరకు వాడు రకముల సంగతియు ఇట్టిదే. ఢిల్లీ పరిశోధనాసంస్థ రూపొందించిన పూసా నవబహార్ వంటి రకము విత్తనము దేశమంతట తిరుగుచున్నది. విత్తనము దూరము పోయినకొలది అది ఏ చేనిలో, ఏ వానలో పండినదో కొన్నవానికి తెలియుట కష్టమగును.

వేడినీరు, మందునీరు

గింజలోని శత్రువును గింజను చంపక చంపుట ఎట్లు? 1880లలో డెన్మార్కు దేశస్థుడు జెన్సెన్ ధాన్యపు కాటుక తెగులునకు వేడినీటి చికిత్సను కనుగొనెను. గింజ ఓర్చుకొనగల వేడిమికిని, తెగులుజీవి ఓర్చుకొనగల వేడిమికిని నడుమ సన్నని సందు కలదు. ఆ సందులో చికిత్స సాగవలెను. గోరుచిక్కుడు విత్తనమును 56 సెంటిగ్రేడు డిగ్రీల నీటిలో 10 నిమిషములు ఉంచి, వెంటనే తీసి నీడన ఆరబెట్టుట సిఫారసు చేయబడిన పద్ధతి. వేడి తగ్గినచో బాక్టీరియము బ్రతుకును. హెచ్చినచో మొలక చచ్చును. కనుక ఉష్ణమాపకము తప్పనిసరి. ముందుగా పిడికెడు గింజలకు చేసి, మొలకెత్తు శాతము చూచి, పిమ్మట మిగిలిన విత్తనమునకు చేయుట వివేకము.

రెండవ మార్గము సూక్ష్మజీవి నాశకములది. 1943లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొనెను. అది క్షయరోగులకు ప్రాణదానము చేసినది. 1950లనుండి పైరులపైనను వాడబడెను. మన దేశమున 1954లో పూనా దాపున పింప్రీలో స్థాపింపబడిన హిందుస్థాన్ ఏంటీబయాటిక్స్ కర్మాగారము స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమమును స్ట్రెప్టోసైక్లిన్ అను పేర తయారుచేసెను. విత్తనమును దానిలో నానబెట్టుట, పైరుపై చల్లుట వాడుకయైనవి.

కాని మందునకు అలవాటుపడుట సూక్ష్మజీవుల స్వభావము. 1970ల ఆరంభముననే కాలిఫోర్నియాలో బేరిచెట్ల బాక్టీరియము స్ట్రెప్టోమైసిన్‌ను లెక్కచేయకుండుట కనిపించెను. పొలములో మందును ఓర్చుకొన నేర్చిన బాక్టీరియములు ఆ నేర్పును తోడి బాక్టీరియములకు అందింపగలవు. అది మనుష్యుల రోగములవరకు ప్రాకినచో ఆసుపత్రిలో మందు పనిచేయదు. ఈ భయముతోనే భారతప్రభుత్వము 2021 డిసెంబరులో వ్యవసాయమున స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల వాడకమును నిషేధించు ముసాయిదా ఉత్తర్వును ప్రకటించెను. క్షయరోగికి మిగుల్చవలసిన మందును చిక్కుడాకుపై ఖర్చుచేయుట దేశమునకు క్షేమము కాదు. కనుక ఈ తెగులును ఎదుర్కొను భారము మరల వేడినీటిపై, తట్టుకొను రకములపై, అన్నిటికంటె మిన్నగా నిర్మలమైన విత్తనముపై పడినది.

పొడినేల చేయు మేలు

నిర్మలమైన విత్తనము ఎచ్చట పండును? దీనికి చరిత్రలో సమాధానము కలదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అమెరికా తూర్పుప్రాంతములలో చిక్కుడుజాతి పైరులు బాక్టీరియా తెగులుచే నాశనమగుచుండగా, విత్తనోత్పత్తిని వానలు లేని పడమటి రాష్ట్రములకు తరలించిరి. ఐడహో వంటి పొడిసీమలో కాలువనీటితో పండించిన విత్తనము తెగులు లేనిదై తూర్పు రైతులకు రక్షయైనది. చినుకు చిందనిచోట బాక్టీరియమునకు వాహనము లేదు. నీరు సాళ్ళలో పారి వేళ్ళను మాత్రమే తడిపినచో ఆకు పొడిగా నుండును. పొడి ఆకుపై పత్రరంధ్రములోనికి దారి దొరకదు.

ఈ వెలుగులో పాలమూరు వంక చూచినచో, తరతరములుగ శాపమనుకొన్న పొడివాతావరణమే విత్తనమునకు వరము కాగలదని తోచును. వానకాలపు గోరుచిక్కుడు తెగులు పడును. వేసవిలో నీటివసతి క్రింద వేసినది అంతగా పడదు. కూరకు, మేతకు వానకాలపు పైరు ఉండవచ్చును. విత్తనమునకు మాత్రము బావి క్రిందనో, జూరాల కాలువ క్రిందనో కొద్దిచోటు వేసవిలో కేటాయించి, పై తుంపర లేకుండ సాళ్ళగుండ నీరుపెట్టి పండించుకొనుట శాస్త్రసమ్మతమైన మార్గము. గద్వాల రైతులకు విత్తనవిద్య కొత్తది కాదు. సంకర ప్రత్తి విత్తనోత్పత్తికి ఆ సీమ ప్రసిద్ధము. పువ్వు పువ్వును చేతితో తాకి సంకరము చేయు ఓర్పు గలవారికి, తెగులు మొలకలను ఏరివేయుట కష్టము కాదు. నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనాస్థానము దక్షిణ తెలంగాణపు మెట్టపైరులకై పనిచేయుచున్నది. అట్టి చోట్ల విత్తనపు గింజలను పరీక్షించుట, వేడినీటి చికిత్సను గ్రామములలో చేసి చూపుట వ్యయముతో కూడిన పనులు కావు.

చేయవలసినవి కొన్నియే. తెగులు కనబడిన చేనినుండి విత్తనము తీయరాదు. బీజదళములపై నూనెమచ్చ గల మొలకలను మొదటి పక్షములోనే పెరికివేయవలెను. ఆకులు తడిగా నున్నప్పుడు చేనిలో తిరుగరాదు. కలుపు తీయు చేతులును, పశువు ఒడలును బాక్టీరియమును మోయును. కోతపిమ్మట చెత్తను లోతుగ దున్ని, మరుసటి యేడు జొన్ననో సజ్జనో వేయవలెను. వేడినీటి చికిత్స చేయవలెను. ఇవన్నియు బొబ్బరకును వర్తించును. దానిపై ఆకును మాడ్చి కాడను పుండుచేయు బాక్టీరియమును 1944లో బర్క్‌హోల్డర్ వర్ణించెను, అదియు గింజతోనే ప్రయాణించును.

లైప్‌జిగ్ వాదమునుండి పూనా ప్రయోగశాలవరకు, టెక్సాస్ పొలములనుండి నడిగడ్డవరకు ఈ చరిత్ర చెప్పునది ఒక్కటే. ఆకుపై మచ్చ కనబడునాటికి తెగులు పాతబడియుండును. అది మొదలైనది అంతకుముందటి యేడు, వేరొక చేనిలో, ఒక గింజలో. పాలమూరు రైతు తన కుండలోని గింజ ఏ చేనిలో, ఏ ఋతువున పండినదో యెరిగి విత్తిననాడు, ముసురు పట్టిన శ్రావణమునను అతని పశువులకు పచ్చని మేత లోటుండదు.